మరీ నుంచి మార్లా దాకా ఒంటరిగా సైకిల్ మీద: ఎన్ని లీటర్ల నీళ్ళు మోయాలి?

బేగంపేట_బండి
అడిలైడ్ వచ్చి మూడేళ్ళయింది. జూలైలో రెండు వారాల సెలవు దొరికింది. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఊడ్నడాటా ట్రాక్ మీద మరీ అనే ఊరి నుంచి మార్లా దాకా ఒక్కణ్ణే సైకిల్ తొక్కాలని ఉంది. మొత్తం 620 కి.మీ. దాకా ఉంటుంది, దాదాపు అంతా మట్టి రోడ్డే. మధ్యలో విలియం క్రీక్, ఊడ్నడాటా తప్ప ఊళ్ళు లేవు. ఒక్కో ఊరికీ మధ్య 200 కి.మీ. పైనే.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు బీఆర్‌ఎమ్‌లు (గడువు లోపల ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రలు) చేశాను. 200 కి.మీ.వి చాలా, 300లు రెండు, 600 ఒకటి. 200కి పదమూడున్నర గంటల గడువిస్తే పదిన్నరకే ముగించేవాణ్ణి. ఆ లెక్కన ఊరికీ ఊరికీ మధ్య రోజున్నర పడుతుందని అనుకుంటున్నా. ఎనిమిది లీటర్ల నీళ్ళు సరిపోతాయా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. మా ఆవిడ సగం ఒప్పుకుంది, అమ్మకి ఇంకా చెప్పలేదు.

గోంగూర_బస్తా
ఊరి పేరే మరీ! అక్కణ్ణించి సైకిలంటే మరీ మరీ బాగుంది. నేనిక్కడే కూర్చుని చదువుతుంటా.

ఎర్రమట్టి
రెండేళ్ళ కిందట నేను ఇదే దారిలో, ఇదే దిక్కుగా వెళ్ళాను. వానకి ఆగిపోయిన ఒక రోజు కాక తొమ్మిది రోజులు పట్టింది. ముందు ఆ రోజున్నర లెక్క కొట్టెయ్ తమ్ముడూ.

బీఆర్‌ఎమ్‌లో తేలిక బండి, తారు రోడ్డు, ఆకలేస్తే ఏదో ఒక ఊళ్ళో ఇడ్లీ. ఇక్కడ సామానూ నీళ్ళూ కలిపితే బండి యాభై కిలోలు దాటుతుంది. రోడ్డంతా గతుకులు. గతుకులంటే మన ఊరి గుంతలనుకునేవు. రేకుల షెడ్డు పైకప్పు మీద సైకిల్ తొక్కితే ఎలా ఉంటుందో అలా, గంటల తరబడి. పళ్ళు టకటకలాడతాయి, సాయంత్రానికి వేళ్ళు గ్లాసు కూడా సరిగా పట్టుకోవు. అంచున జానెడు నున్నటి దారి దొరికితే పండగే, కానీ అదీ కాస్త దూరం పోయి ఇసకలో కలిసిపోతుంది. నా సగటు వేగం గంటకి పది. రోజుకి ఆరున్నర గంటలు తొక్కితే 65 కి.మీ. జూలైలో అక్కడ పగలు పదిన్నర గంటలే. పొద్దు వాలితే కంగారూలు రోడ్డెక్కుతాయి, ఇక తొక్కకూడదు.

అంటే విలియం క్రీక్‌కి మూడు రోజులు. రోజుకి ఆరు లీటర్లు: తాగడానికి నాలుగున్నర, మిగతాది వంటకీ టీకీ. మూడు రోజులకి పద్ధెనిమిది. బండి చెడితే, గాలి ఎదురు తిరిగితే అని ఇంకో నాలుగు. ఇరవై రెండు లీటర్లతో బయల్దేరి, అయిదు మిగుల్చుకుని చేరాను. ఆ అయిదు మోసినందుకు నాకేం బాధ లేదు.

బేగంపేట_బండి
ఇరవై రెండు లీటర్లంటే ఇరవై రెండు కిలోలు! మ్యాప్‌లో దారి పొడుగునా ఊటలు చూపిస్తున్నాయి కదన్నా. కవర్డ్ స్ప్రింగ్స్ దగ్గర పట్టుకుంటే కాదా?

ఎర్రమట్టి
ఆ ఊటలు నమ్ముకుని బయల్దేరొద్దు. భూమి అడుగున గ్రేట్ ఆర్టీజియన్ బేసిన్ అనే పెద్ద నీటి నిల్వ ఉంది. ఆ నీరు ఖనిజాలతో పైకి తన్నుకొస్తుంది, తాగే నీరు కాదు. బబ్లర్ అనే ఊట దగ్గర నేను అరగంట కూర్చున్నా. చుట్టూ ఎడారి, మధ్యలో చిన్న మడుగు. అడుగునున్న బూడిదరంగు ఇసక కుండలో ఉడికే జావలాగా లేచి, పొంగి, మళ్ళీ సర్దుకుంటుంది. చూసి రావాల్సిందే, కానీ అది రక్షిత ప్రాంతం, చెయ్యి పెట్టకూడదు. కవర్డ్ స్ప్రింగ్స్‌లో మాత్రం దిగి మునగడానికి చెక్క పలకలు కట్టిన చిన్న తొట్టి ఉంది, పక్కనే ఖర్జూరం చెట్లు. మరీ నుంచి 130 కి.మీ. దాకా వస్తుంది. రెండో రాత్రి అక్కడ పడేలా చూసుకో.

అసలు ఆ ఊటలు లేకపోతే ఈ దారే లేదు. అక్కడి ఆదివాసులు అరబానా ప్రజలు తరతరాలుగా ఊట నుంచి ఊటకి నడిచిన నేల అది. స్టువర్ట్ అనే అన్వేషకుడు ఆ వరసే పట్టుకుని ఉత్తరానికి పోయాడు. 1872లో టెలిగ్రాఫ్ తీగ, ఆ తర్వాత పాత ఘాన్ రైలు అదే వరసలో వెళ్ళాయి. రైలు 1980లో ఆగిపోయింది. కూలిన స్టేషన్లు, మట్టికట్టలు నీ పక్కనే వస్తుంటాయి.

పంచర్_సత్తెన్న
ఘాన్ అనే పేరు ఎట్లొచ్చిందో చెప్పు అన్నా. ఒంటెలు తోలేటోళ్ళను అక్కడ ఆఫ్గాన్లు అంటుండె. నిజానికి అందరు ఆఫ్గాన్ నుంచి వచ్చినోళ్ళు కాదు, పెషావర్, బలూచిస్తాన్ దిక్కోళ్ళు గూడ ఉండె. మరీల వాళ్ళు కట్టుకున్న మసీదు ఉండె, ఆస్ట్రేలియాల మొదటి మసీదులల్ల అదొకటి. రైలు రాకముందు గా దేశం నడిమిట్ల సామాను మోసింది మన దిక్కు నుంచి పోయినోళ్ళే.

కృష్ణాతీరం
మీరంతా లీటర్లు లెక్కపెడుతున్నారు. నేను అడిగేది వేరే. ఒక్కడే ఎందుకు వెళ్ళాలి? సిడ్నీలో ఇరవై ఏళ్ళ పైన ఉన్నాను. ఒక జనవరిలో రెండు కుటుంబాలం కారులో ఆ ప్రాంతాలకే వెళ్ళాం. ఇంజిన్ వేడెక్కి బండి ఆగిపోయింది. అయిదుగురం, నాలుగు సీసాల నీళ్ళు. మాలో ఒకాయన నడిచి వెళ్ళి సాయం తెస్తానన్నాడు. పట్టుకుని ఆపాను. కారు నీడలో ఆరు గంటలు కూర్చున్నాం. పిల్లవాడు ఏడవడం కూడా మానేశాడు, అది చూసి నాకు భయం వేసింది. చివరికి పశువుల స్టేషన్ (పెద్ద పశువుల ఫారం) మనిషి ఒకడు అటుగా వచ్చాడు. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. అలాంటి నేల అది. ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారంటే అర్థం ఉంది.

నడక_పిచ్చి
కృష్ణాతీరం గారూ, నడిచి వెళ్తానన్న మనిషిని ఆపి మీరు చాలా మంచి పని చేశారు. బండి దగ్గరే ఉండటం అక్కడ మొదటి సూత్రం. కానీ మీరు వెళ్ళింది జనవరి, ఈయన వెళ్ళేది జూలై. అప్పుడక్కడ పగలు ఇరవై డిగ్రీల చుట్టూ, రాత్రి ఒక్కోసారి సున్నా దాకా దిగుతుంది. వేసవిలో వెళ్తానంటే నేనే ముందు వద్దనేదాన్ని.

ఇక ఆడవాళ్ళ భయం గురించి. 1977లో రాబిన్ డేవిడ్‌సన్ అనే ఆవిడ నాలుగు ఒంటెలు, ఒక కుక్కతో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి పడమటి సముద్రం దాకా నడిచింది, 2,700 కి.మీ. నేను అంతటిదాన్ని కాదు గానీ ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గరి కొండల్లో ఉన్న లారపింటా ట్రయల్ అనే నడకదారి ఒక్కదాన్నే నడిచాను. 223 కి.మీ., పద్నాలుగు రోజులు. అక్కడ నీళ్ళ ట్యాంకులుంటాయి, తిండి పెట్టెలు ముందే కొన్ని చోట్ల పెట్టించుకోవచ్చు. కష్టమంతా రాళ్ళతోనే. క్వార్ట్‌జైట్ రాళ్ళు బూటు అడుగుల్ని తురుము పీటలా గీకేస్తాయి.

నాకు జరిగింది చెప్తాను. ఉపగ్రహ మెసెంజర్‌తో రోజూ రాత్రి ఏడింటికి విజయవాడలో మా అన్నయ్యకి "క్షేమం" అని పంపేదాన్ని. అక్కడ అప్పుడు మధ్యాహ్నం మూడు. హ్యూ గార్జ్ రోజున కాలు మడతపడి ఆలస్యమై, లోయలోనే గుడారం వేశాను. రెండు పక్కలా గోడల్లాంటి కొండలు, పైన పట్టెడు ఆకాశం. మెసేజ్ వెళ్ళలేదు. అన్నయ్య రాత్రంతా మ్యాప్‌లో కదలని చుక్కని చూస్తూ కూర్చున్నాడట. కానీ ముందే కాగితం మీద రాసిచ్చాను: "ఒక రాత్రి మెసేజ్ రాకపోతే ఏమీ చెయ్యొద్దు. మర్నాడు మా టైం మధ్యాహ్నం పన్నెండు దాటితే ఈ నంబరుకి చెయ్యి." పొద్దున తొమ్మిదిన్నరకి ఎత్తుకి ఎక్కగానే మెసేజ్ వెళ్ళింది. ఆ కాగితమే లేకపోతే నా కోసం హెలికాప్టర్ లేచేది, ఇంకెవరికో అవసరమైన హెలికాప్టర్.

అందుకే మీరు ఒంటరిగా వెళ్ళినా పర్లేదు. ఎక్కడున్నారో ఎవరికీ తెలియకుండా మాత్రం వెళ్ళకండి.

బేగంపేట_బండి
అక్కా, ఆ కాగితం సంగతి నాకు తట్టనే లేదు. మెసెంజర్ కొనాలా, బీకన్ కొనాలా? రెండూ అంటే ఖర్చెక్కువ.

గుంటూరు_టు_పెర్త్
ఒక్కటే అంటే బీకన్. 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ, అంటే ఆపదలో నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ వాళ్ళకి కబురు పంపే చిన్న పరికరం. నెల నెలా చందా ఉండదు, బ్యాటరీ ఏళ్ళ తరబడి ఉంటుంది. సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా దగ్గర ఉచితంగా రిజిస్టర్ చెయ్యాలి, అత్యవసరంలో ఫోన్ చెయ్యాల్సిన వాళ్ళ నంబర్లు అక్కడే ఇవ్వాలి. మెసెంజర్ అయితే ఇంటివాళ్ళకి నిమ్మళం. నేను రెండూ తీసుకెళ్ళాను. ఫోన్ నమ్ముకోవద్దు, ఊరు దాటగానే సిగ్నల్ పోతుంది.

ఒక ముఖ్యమైన మాట. ఉపగ్రహ మెసెంజర్‌ని ఇండియా వెళ్ళేటప్పుడు బ్యాగులో మర్చిపోయి పెట్టకండి. అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే కేసవుతుంది.

నా సలహా ఏంటంటే, మొదటిసారికి తారు రోడ్డు మీద వెళ్ళు. నేను నల్లార్‌బర్ మైదానం దాటాను. నార్స్‌మన్ నుంచి సెడూనా దాకా 1,200 కి.మీ., మధ్యలో రోడ్‌హౌస్‌లుంటాయి. బల్లడోనియా నుంచి కైగూనాకి 182, అందులో 146 కి.మీ. ఒక్క మలుపు కూడా లేని రోడ్డు. 1896లోనే ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే ఆయన రోడ్డే లేని రోజుల్లో అటు సైకిల్ మీద దాటాడు. నీళ్ళు అయిపోతే ఖాళీ సీసా పైకెత్తి పట్టుకో, కారవాన్ వాళ్ళు ఆగుతారు. ఒక పెద్దావిడ నాకు చల్లటి నీళ్ళు, రెండు కమలాలు, సగం కేకు ఇచ్చింది.

ఎర్రమట్టి
ఇక్కడ నేను ఒప్పుకోను. మొదటిసారికి నల్లార్‌బర్ తేలిక కాదు. అక్కడ రోడ్ ట్రైన్లు, అంటే వరసగా ట్రైలర్లు లాగే పెద్ద లారీలు, నీ మోచేతి పక్కనుంచి పోతాయి. ఊడ్నడాటాలో బండి వస్తుంటే రెండు కిలోమీటర్ల ముందే దుమ్ము కనిపిస్తుంది, తీరిగ్గా పక్కకి జరగొచ్చు.

గుంటూరు_టు_పెర్త్
అది నిజమే. అద్దం పెట్టుకుని, వెనక రోడ్ ట్రైన్ కనబడగానే కంకరలోకి దిగిపోయేవాణ్ణి. దాని గాలి ముందు తోస్తుంది, తర్వాత లాగుతుంది. ఎదురుగా కూడా ఒకటి వస్తుంటే ఆలోచించకుండా దిగాలి.

గోంగూర_బస్తా
కమలాలు సరిహద్దులో లాక్కోలేదా?

గుంటూరు_టు_పెర్త్
పళ్ళ ఈగ రాకుండా సెడూనా తనిఖీ దగ్గర పళ్ళు లాక్కునేవాళ్ళే, అందుకే ముందే తినేశా. పడమటి వైపు వెళ్ళేవాళ్ళకి బోర్డర్ విలేజ్ దగ్గర తనిఖీ, అక్కడ తేనె కూడా పోతుంది.

పంచర్_సత్తెన్న
నీళ్ళ ముచ్చటయింది, రోడ్ ముచ్చటయింది. టైర్ల ముచ్చట ఎవ్వలు చెప్తలేరు. గాడ పల్లేరుగాయలుంటయ్ తమ్మీ. మన పొలంగట్ల మీద కాళ్ళకు గుచ్చుకునే పల్లేరే, అదే మొక్క, అదే ముల్లు. బ్రోకెన్ హిల్ దిక్కు పోయినప్పుడు గుడారం ఏసేతందుకు బండిని రోడ్డు దింపి పదడుగులు నడిపించిన. పొద్దుగాల లేచి చూస్తే రెండు చక్రాలు నేలకు అతుక్కపోయినయ్. ఒక్క టైర్లనే పదకొండు ముండ్లు. ఆ పూటంత ప్యాచులేసుడే.

రోడ్డు దిగేటప్పుడు సామాను ఇప్పి, బండిని ఎత్తి భుజం మీద ఏస్కోని పోవాలె. టైర్లు రెండంగులాలకు తక్కువ పెట్టకు, గాలి తక్కువ కొట్టు. ట్యూబ్‌లెస్ అయితే లోపల పాలలెక్కుండే సీలెంట్ పోసుకో, చిన్న ముల్లయితే అదే మూస్కుంటది. ఎన్క చక్రానికి 36 స్పోకులుండాలె. గతుకులకు క్యారేజీ బోల్టులు ఊడి పడిపోతయ్, ప్రతి సాయంత్రం ఒక్కొక్కటి చేతితోని చూడు. నాకు ఒకటి ఊడింది, గుడారం తాడుతోని కట్టుకొని రెండు దినాలు తొక్కిన.

బేగంపేట_బండి
సత్తెన్నా, ఇక్కడ మా పెరట్లో కూడా అదే పల్లేరు చూసి మన ఊరిదే అనుకున్నా. పాముల సంగతేంటి?

వార్డు_నైట్‌డ్యూటీ
నేను నర్సుని. చలికాలంలో పాములు తక్కువే తిరుగుతాయి, అయినా చెప్తాను. ఆస్ట్రేలియాలో కాటు పడితే కడగొద్దు, కొయ్యొద్దు, పైన తాడు బిగించొద్దు. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ కాటు మీద నుంచి మొదలుపెట్టి చెయ్యో కాలో మొత్తం గట్టిగా చుట్టాలి, తర్వాత కదలకూడదు. బీకన్ నొక్కి అక్కడే పడుకోవాలి. సైకిలెక్కి సాయం కోసం వెళ్ళారంటే విషం ఒళ్ళంతా పాకుతుంది. అలాంటి బ్యాండేజీలు రెండు చేతికందే సంచిలో పెట్టుకోండి. ఈ పద్ధతి మన ఊళ్ళో రక్తపింజర కాటుకి చెయ్యకండి, అక్కడది హాని చేస్తుంది.

పాము కన్నా నాకు ఉప్పు గురించి ఎక్కువ భయం. చెమట ఆ గాలికి ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, పట్టిందనే తెలియదు. ఉత్త నీళ్ళు గటగటా తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మనిషి తికమకపడతాడు. రోజులో కనీసం ఒక లీటరు ఓఆర్‌ఎస్ తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు.

గోంగూర_బస్తా
ఇప్పుడు నా శాఖ. అటుకులు: నానబెడితే చాలు, స్టవ్ అక్కర్లేదు. పులిహోర పేస్టు, కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి. వేరుశనగ పట్టీలు రోజుకి నాలుగు. నిమ్మ ఊరగాయ ఉప్పుకి ఉప్పు, రుచికి రుచి. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టాలి. మా తమ్ముడి స్లీపింగ్ బ్యాగు ఇప్పటికీ ఆవకాయ వాసనే.

కృష్ణాతీరం
నర్సు గారు చెప్పింది, నడక_పిచ్చి గారు చెప్పింది చదివాక నా అభిప్రాయం కొంత మారింది. అయితే ఒకటి అడుగుతాను. వర్షం పడితే?

ఎర్రమట్టి
మంచి ప్రశ్న. వర్షం పడితే రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద తిరిగితే జరిమానా. నాకు ఊడ్నడాటా ఇవతల ఒక రాత్రి జల్లు పడింది. పొద్దున యాభై గజాలు నడిపించేసరికి చక్రానికీ ఫ్రేముకీ మధ్య మట్టి కూరుకుని చక్రం తిరగడమే మానేసింది. మా అనంతపురం పక్క నల్లరేగడిలో ఎడ్లబండి దిగబడ్డం చూశాను, అదే గుర్తొచ్చింది. గుడారం మేకుతో గీక్కుంటూ, పది అడుగులు నడుస్తూ, మళ్ళీ గీక్కుంటూ గంట అయ్యాక బుద్ధొచ్చి గుడారం మళ్ళీ వేశాను. రోజంతా అక్కడే. ఆ రోజు కాపాడింది అదనంగా మోసిన నాలుగు లీటర్లే. మడ్‌గార్డులు ఇంట్లోనే వదిలెయ్. బయల్దేరే ముందు, ప్రతి ఊళ్ళోనూ రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కో. ఊడ్నడాటా దుకాణానికి కూడా ముందే ఫోన్ చేసి తెరిచే ఉంటుందని నిర్ధారించుకో.

నిశిరాత్రి
ఎవరూ ఆకాశం సంగతి చెప్పలేదు. జూలై రాత్రి తొమ్మిదింటికి వెల్లకిలా పడుకుంటే వృశ్చికం సరిగ్గా నెత్తి మీద ఉంటుంది. మన దగ్గర దక్షిణాన కిందకి వాలి కనిపించే తేలు అక్కడ నడినెత్తికి పాకుతుంది, గుండెలో జ్యేష్ఠ ఎర్రగా. నైరుతి వైపు త్రిశంకుడు. చంద్రుడు లేని వారం చూసుకుని వెళ్ళండి.

బేగంపేట_బండి
మార్చిన లెక్క: పది రోజులు, మార్లాలో బస్సెక్కడం. విలియం క్రీక్ దాకా 22 లీటర్లు, అక్కణ్ణించి ఊడ్నడాటాకి 22, చివరి ముక్కకి 20. పీఎల్‌బీ కొని రిజిస్టర్ చేశాను. మెసెంజర్ ఆఫీసులో స్నేహితుడిది. ముందు వారం సామానంతా ఎక్కించి అడిలైడ్ నుంచి మొదలయ్యే మాసన్ ట్రయల్ మీద రెండు రోజులు తొక్కి చూస్తా. కాగితం రాశాను, ఒకటి మా ఆవిడకి, ఒకటి హైదరాబాద్‌లో బావకి. అమ్మకి నిన్న చెప్పాను. అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "అటుకులు ఇక్కణ్ణించి పంపనా" అంది.

గోంగూర_బస్తా
అమ్మ ఒప్పుకున్నట్టే.

బేగంపేట_బండి
ఆగస్టు మొదటి వారం. వచ్చేశాను. పదకొండు రోజులు. విలియం క్రీక్ చేరేసరికి నాలుగు లీటర్లు మిగిలాయి. మూడో రోజు ఎదురుగాలికి 41 కి.మీ.తో ఆగిపోయాను. ఎనిమిది లీటర్లతో వెళ్ళుంటే ఆ రాత్రి ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎర్రమట్టి అన్నా, నీకు రుణపడి ఉంటా.

ఆల్జబకీనా వంతెన దగ్గర ఒక రోజు పూర్తిగా ఆగాను. 1892 నాటి రైలు వంతెన, అర కిలోమీటరు పైన పొడవు. దానిమీద ఇప్పుడు రైలు రాదు. సాయంత్రం ఎండలో ఇనుము ఆరంజి రంగుకి తిరిగింది. కింద నీటి గుంట దగ్గర గులాబీ రొమ్ము కాకటూలు వందలుగా దిగాయి. ఆ కేకలకి నా గొంతు నాకే వినపడలేదు. అంతకుముందు రెండు రోజులుగా నేను ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు.

పంచర్_సత్తెన్న
పంచర్లు ఎన్ని?

బేగంపేట_బండి
నాలుగు. మూడు పల్లేరు. ఒక్కసారి బద్ధకించి ఎత్తకుండా నడిపించా, మూడూ ఆ రాత్రివే.

నడక_పిచ్చి
మెసేజ్ ఎప్పుడైనా తప్పిందా?

బేగంపేట_బండి
ఒకసారి అక్కా, చార్జింగ్ అయిపోయి. బావ కాగితంలో రాసినట్టే ఆగాడు. అమ్మ మాత్రం ఆ రాత్రి పడుకోలేదట. వచ్చే సారి సౌర పలక ఇంకొంచెం పెద్దది తీసుకుంటా.

నిశిరాత్రి
తేలు కనిపించిందా?

బేగంపేట_బండి
కనిపించింది. లేక్ ఐర్ సౌత్ అనే ఉప్పు సరస్సు ఒడ్డున రెండో రాత్రి, గుడారం తలుపు తెరిచి తల బయటపెట్టి పడుకున్నా. ముక్కు చలికి మొద్దుబారిపోయింది, అయినా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.